జంక్షన్‌లో ఫ్లెక్సీ చూసి తమ్ముడు ఇంటికొస్తాడా?

ప్రశ్న: మాది రాజాం దగ్గర పల్లె. టైలరింగ్ చేస్తాను. నా తమ్ముడికి 26 ఏళ్లు. డిప్లొమా చదివి విశాఖలో ఉద్యోగం చేస్తూ రెండేళ్ల కిందట ఒక గురువుగారి బృందంలో చేరాడు. మొదట ఆదివారాలు వెళ్లేవాడు. తర్వాత ఉద్యోగం మానేసి వాళ్ల ఆవరణలోనే ఉండిపోయాడు. ఫోన్ చేస్తే వేరేవాళ్లు ఎత్తి "సాధనలో ఉన్నాడు" అంటారు. నిరుడు నాన్న పోతే ఇద్దరు మనుషులతో వచ్చి, గంటసేపు ఉండి వెళ్లిపోయాడు. పెద్దకర్మకు రాలేదు. మాలాగే పిల్లలు దూరమైన కుటుంబాలు ఇంకో మూడున్నాయి. అందరం కలిసి రూ. 40,000 పోగుచేశాం. రాజాంలో, విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో ఫ్లెక్సీలు కట్టించి, కేబుల్ టీవీలో స్క్రోలింగ్ వేయిద్దామనుకుంటున్నాం. "ఫలానా గురువు మాయలో బలైపోతున్న యువత, మేలుకోండి" అని రాసి పిల్లల ఫొటోలు వేయించాలని ఆలోచన. లోపల ఉన్నవాళ్లు చూస్తే కళ్లు తెరుచుకుంటాయి కదా? కేసులేమైనా అవుతాయా? మా చిన్నాన్న మాత్రం ఫ్లెక్సీలు దండగ, పదిమందిమి వెళ్లి లాక్కొచ్చేద్దాం అంటున్నారు. నాన్న సంవత్సరీకం దగ్గరపడుతోంది.
ఒక అప్ప (అక్క)

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలోంచి గురువు పేరు, మతం పేరు, మీ పల్లె పేరు తీసేశాను. అవి ఏవైనా నా జవాబు మారదు. మన రెండు జిల్లాల్లో భజన మండళ్లున్నాయి, ప్రార్థన మందిరాలున్నాయి, ఏటా మాల వేసుకునేవాళ్లున్నారు. వాళ్లెవరూ ఇంట్లో చావుకు గంట లెక్కన వచ్చిపోరు. తమ ఫోన్ తామే ఎత్తుతారు. మీ తమ్ముడు ఏ దేవుడికి దణ్ణం పెడుతున్నాడన్న దానితో మీకు పేచీ లేదని ఉత్తరం చదివితే తెలుస్తోంది. కానీ ఫ్లెక్సీ మీద రాయాలనుకున్న మాట చదివితే అలా తెలియదు. జంక్షన్‌లో నిలబడి చదివేవాడికి అది మతం మీద గొడవలాగే కనిపిస్తుంది.

ఆ ఫ్లెక్సీ కట్టించకండి. ప్రకటనే వద్దని నేను అనడం లేదు. మీరు ఎవరికోసం రాస్తున్నారో ఆ మనిషిని పక్కనబెట్టి, ఊరందరికోసం రాశారు.

రాజాంలో ఆ ఫ్లెక్సీని ఎవరు చదువుతారో ఒకసారి చూడండి. బస్సు దిగినవాళ్లు, టీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్లు, మీ దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్లు, రేపు మీ ఇంటికి సంబంధం మాట్లాడ్డానికి వచ్చేవాళ్లు. మీ తమ్ముడు చదవాలంటే అతను అటు రావాలి. వచ్చినా ఒక్కడే రాడు. కన్నతండ్రి శవం దగ్గరకే ఇద్దరిని తోడిచ్చి పంపారు కదా! అటూ ఇటూ ఆ ఇద్దరుండగా, తన ఫొటో, దాని కింద "బలైపోతున్న యువత" అన్న మాటలు కనబడితే అతనేం చేస్తాడు? లోపల ఏమనిపించినా పైకి మీ మీద కోపం చూపించాలి. ఎంత గట్టిగా తిడితే అంత మంచి శిష్యుడు. సాయంత్రం అందరూ కూర్చున్నప్పుడు గురువుగారు ఆ ఫ్లెక్సీ ఫొటో చూపించి, "ఇంటివాళ్లే మనకు మొదటి శత్రువులని చెప్పానా లేదా?" అంటారు. ఆ మాటకు అప్పటిదాకా ఆయన దగ్గర సాక్ష్యం లేదు. ఇప్పుడు మీరు డబ్బులిచ్చి అచ్చు వేయించి పెట్టారు.

ఇంకోటి కూడా ఉంది. ఏదో ఒకరోజు అతనికి వెనక్కి రావాలనిపిస్తే రాజాంలోనే బస్సు దిగాలి. ఫ్లెక్సీ ఎండకు వెలిసి చిరిగిపోయినా, అందులో మొహం ఊరికి గుర్తుంటుంది. "వీడే కదా ఆ బలైపోయినోడు" అనే చూపుల మధ్యలోంచి నడిచి మీ పల్లెకు ఆటో ఎక్కాలి. ఆ నడక తలుచుకుని లోపలే ఉండిపోయేవాళ్లు ఉంటారు. మీ ఫొటోల ఆలోచన నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది అందుకే.

ఇలాంటి ప్రకటనలు మీరే మొదట తలపెట్టలేదు. 2012లో అమెరికాలో అమెరికన్ ఎథీస్ట్స్ అనే నాస్తికుల సంఘం రెండు పెద్ద హోర్డింగులు తలపెట్టింది. ఒకటి న్యూజెర్సీలోని పాటర్సన్‌లో ముస్లింల కోసం అరబిక్‌లో, ఇంకొకటి న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో సంప్రదాయ యూదులుండే పేటలో హీబ్రూలో. సారాంశం ఏమిటంటే, ఇదంతా కట్టుకథని నీకు తెలుసు, ఎంచుకునే వీలు నీకుంది అని. బ్రూక్లిన్‌లో అనుకున్న బిల్డింగ్ యజమాని దాన్ని కట్టనివ్వలేదు. గొడవ పేపర్లకెక్కింది. ఆ పేటలో అనుమానాలున్న కుర్రాడు ఎవడైనా ఉంటే, ఆ వారమంతా అతను ఇంట్లో నోరు మెదిపి ఉండడని నా నమ్మకం.

నాలుగేళ్ల తర్వాత, 2016లో, లాస్ ఏంజెలెస్‌లో ఒక తల్లీ తండ్రీ ఇంకో రకం హోర్డింగ్ పెట్టించారు. వాళ్ల పిల్లలు సైంటాలజీ అనే సంస్థలో ఉన్నారు. సంస్థను కాదన్నవాళ్లతో, కన్నవాళ్లయినా సరే, సంబంధం తెంచుకోవడం అక్కడ పద్ధతి. దానికి డిస్‌కనెక్షన్ అని పేరు కూడా పెట్టుకున్నారు. ఆ తల్లిదండ్రులు చందాలు పోగుచేసి, సైంటాలజీలో ఉన్న నా ప్రియమైనవారికి, ఫోన్ చెయ్యి అని రాయించారు. గురువును తిట్టలేదు, మోసం అనలేదు. తిట్టడానికి వాళ్ల దగ్గర బోలెడంత ఉండి ఉంటుంది. అయినా ముందుకు తెచ్చింది ఆ రెండు మాటలనే. వాటిలో సంస్థ పెద్దలు పదిమంది ముందు చదివి వినిపించి మండిపడడానికి ఏముంది?

ప్రకటన ఎవరిమీద పనిచేస్తుందో ఇలాంటి బృందాలకు మనకన్నా బాగా తెలుసు. హెవెన్స్ గేట్ అనే బృందం 1993 మే 27న యూఎస్ఏ టుడే పత్రికలో డబ్బు కట్టి ప్రకటన వేసింది, ఇదే చివరి పిలుపని. అది చూసి, ఎప్పుడో వదిలేసి వెళ్లిన పాత సభ్యులు కొందరు తిరిగి చేరారు. 1997 మార్చిలో ఆ బృందంలో 39 మంది ఒకే ఇంట్లో ప్రాణాలు తీసుకున్నారు. ఆ ప్రకటన చూసి తిరిగి వెళ్లినవాళ్లలో పాత బంధం ఏదో తెగకుండా మిగిలే ఉండి ఉంటుంది. కొత్తగా ఒకణ్ని ఒప్పించడం పేపర్ ప్రకటన వల్ల అయ్యే పని కాదు. సగం మనసు ఇటున్నవాడికి దారి గుర్తుచేయడం దానికి చేతనవుతుంది. మీ తమ్ముడికి మీతో 24 ఏళ్ల బంధం ఉంది. మీరు పిలవాల్సింది దాన్ని.

అందుకు మన వైపు అందరికీ అలవాటైన ప్రకటన ఒకటుంది. సంవత్సరీకం దగ్గరపడుతోందన్నారు కదా, వర్ధంతి ప్రకటన వేయించండి. పేపర్ జిల్లా పేజీలో ఒకరోజు, మీ పల్లె మొదట్లో ఒక చిన్న ఫ్లెక్సీ, విజయనగరంలో అనుమతి దొరికిన చోట ఇంకొకటి. నాన్నగారి ఫొటో, తేదీ, భోజనాలు ఎక్కడో ఒక ముక్క. కింద "ఇట్లు" అని మీ అమ్మగారి పేరు, తర్వాత పిల్లల పేర్లు, అల్లుడు, మనవలు. ఆ వరసలో మీ తమ్ముడి పేరు ఎక్కడ రావాలో అక్కడే రావాలి. పెద్ద అక్షరాల్లో వద్దు, వేరే రంగు వద్దు, పక్కన "ఎక్కడున్నా రా నాయనా" లాంటి మాటలు అసలే వద్దు. అడుగున "వివరాలకు" అని మీ ఫోన్ నంబర్.

దీన్ని చూసి నిలబడినందుకు మీ తమ్ముణ్ని ఎవరూ ఏమీ అనలేరు. కన్నతండ్రి ఫొటో అది. పక్కనున్నవాళ్లకు అందులో తప్పుపట్టడానికి ఏమీ దొరకదు. అతనికి మాత్రం కావలసినవన్నీ తెలుస్తాయి. ఇంటి పేర్లలోంచి తనను కొట్టేయలేదు, ఫలానా రోజున అందరూ కలుస్తున్నారు, అప్ప నంబర్ పాతదే. మీ చిన్నాన్న "కర్మ చేయనివాడి పేరు ఎందుకు?" అనొచ్చు. అమ్మగారి చేత చెప్పించండి, ఆవిడ మాట కాదనరు.

తేదీ ఎంచుకోవడం మన చేతిలో లేదు గానీ, ఒకవేళ అది పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజుల్లో పడితే విజయనగరంలో ఫ్లెక్సీ మానేసి ఆ డబ్బు పేపర్‌కి పెట్టండి. పండగ శుభాకాంక్షలు చెప్పే నాయకుల మొహాల మధ్య మీ నాన్నగారు ఎవరికీ కనబడరు.

వర్ధంతి పేరుతో ఉచ్చు మాత్రం పన్నకండి. నిజంగా వస్తే భోజనం పెట్టి పంపాలి. లోపలి గదిలో పోలీసునో, మనసు మార్చే పెద్దమనిషినో కూర్చోబెట్టారా, ఇక మీరు ఎన్ని ప్రకటనలు వేసినా నమ్మడు. మళ్లీ ఇద్దరు తోడు వస్తే ఆ ఇద్దరికీ విస్తరి వేయండి. వాళ్లూ ఎవరి ఇంట్లోంచో వచ్చిన పిల్లలే.

నాలుగు కుటుంబాలూ కలిసి ఇంకొకటి చేయొచ్చు. అరచేతి సైజు స్టిక్కర్లు. "ఇంటికి ఫోన్ చేసి చాలా రోజులైందా? చెయ్యండి. ఏమీ అడగం. మిస్డ్ కాల్ ఇచ్చినా చాలు" అని, కింద పెద్ద అంకెల్లో ఒక నంబర్. ఏ బృందం పేరూ వద్దు. క్యూఆర్ కోడ్ వద్దు. ఫోన్లు తనిఖీ చేసేచోట దాన్ని స్కాన్ చేసిన గుర్తు మిగులుతుంది. నంబరైతే బుర్రలో పెట్టుకుని వెళ్లి ఇంకెవరి ఫోన్‌లోంచైనా చేయొచ్చు. ఈ స్టిక్కర్లు జంక్షన్‌లో దండగ. ఎంత కాపలా ఉన్నా మనిషి ఒక్కడే రెండు నిమిషాలు నిలబడే చోట్లు కొన్నుంటాయి. బస్టాండ్ మరుగుదొడ్డి తలుపు లోపలివైపు, జిరాక్స్ షాపు, మందుల షాపు, రీచార్జ్ కౌంటర్ అలాంటివే. మిగతా మూడు ఇళ్లలో ఆడపిల్ల ఎవరైనా లోపల ఉంటే విజయనగరం ఘోషాసుపత్రిని ఆలోచించండి. వెంట వచ్చిన మగవాళ్లు ఆడవాళ్ల వార్డు బయటే ఆగిపోతారు. ఎక్కడైనా అడిగి అంటించండి. చెప్పకుండా అంటిస్తే మర్నాటికి గీకేస్తారు, మీమీద తిట్లు అదనం.

ఇప్పుడు అసలు పని. ఆ ఫోన్ ఎవరు ఎత్తుతారు? ఫ్లెక్సీలు ఎక్కడెక్కడ కట్టాలో రాశారు గానీ దీని గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. మీ తమ్ముడికి చిన్నప్పటినుంచి నోటికొచ్చిన నంబర్ ఏదో, ఆ సిమ్‌కి రీచార్జ్ ఆగకూడదు. వేరే ఆఫర్ వచ్చిందని నంబర్ మార్చకండి. స్టిక్కర్లకు మాత్రం విడిగా ఇంకో సిమ్ తీసుకోండి, ఎందుకంటే దానికి ఆకతాయి కాల్స్ వస్తాయి. లోపలివాళ్లే గొంతు మార్చి చేసి, ఎవరెవరు మాట్లాడుతున్నారో ఆరా తీస్తారు. అందుకే అవతలి మనిషి ఎవరో తెలిసేదాకా మీ నోటి నుంచి ఏ పేరూ రాకూడదు. ఎత్తే మనిషి నెమ్మదస్తురాలై ఉండాలి. రాత్రి పదకొండుకు మోగినా విసుక్కోకూడదు.

మీ తమ్ముడే చేస్తే మొదటి మాట "తిన్నావా?" అనే ఉండాలి. "ఎప్పుడొస్తావు" వద్దు. "అమ్మ నీకోసం బెంగపెట్టుకుని మంచం పట్టింది" అసలే వద్దు. తప్పు చేశావన్న భారం లోపల అతనికి రోజూ ఎక్కిస్తూనే ఉంటారు, మీరు ఇంకొంచెం ఎక్కించకండి. గురువును విమర్శించకండి. అతనే విమర్శిస్తే ఊఁ కొట్టండి. అంతేగానీ అందుకుని రెచ్చిపోకండి, వెంటనే వెనకేసుకొస్తాడు. పొలం సంగతి, మేనకోడలి పరీక్షలు, పక్కింటి వాళ్ల కొత్త బండి, ఇలాంటివే మాట్లాడండి. పెట్టేసే ముందు "ఈ నంబర్ ఎప్పుడూ ఉంటుంది" అని చెప్పండి. అంతకన్నా పెద్ద మాట మొదటి కాల్‌లో అక్కర్లేదు. మీకు టెన్షన్‌గా ఉంటుంది, నోట్లోంచి ఏడుపు వచ్చేస్తుంది. ఏడిస్తే ఏడవండి గానీ ఏమీ అడగకండి.

కేసుల సంగతి. మీరు రాసినట్టే కట్టిస్తే అవుతాయి. భారతీయ న్యాయ సంహిత 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. అందులో 356వ సెక్షన్ పరువు నష్టం, రెండేళ్ల వరకు శిక్ష. మీరు రాసింది నిజమైతే చాలదు, అది ప్రజల మేలుకోసం రాశారని కూడా చూపించాలి. మత విశ్వాసాలను కావాలని అవమానించారంటూ 299, వర్గాల మధ్య ద్వేషం రేపారంటూ 196 కింద కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. చివరికి నిలబడతాయా లేదా అన్నది తర్వాతి మాట, వాయిదాలకు తిరగాల్సింది మీ నాలుగు కుటుంబాలే. కేబుల్ స్క్రోలింగ్ ఎలాగూ కుదరదు. మతానికి సంబంధించిన ప్రకటనలను 1994 కేబుల్ టీవీ నిబంధనలే ఒప్పుకోవు. ఇక "తప్పిపోయాడు" అని వేయించే ఆలోచన ఎవరైనా చెబితే వినకండి. అతనెక్కడున్నాడో మీకు తెలుసు.

అతను మేజర్. 2018లో కేరళ యువతి కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చి చెప్పింది, పెళ్లి గానీ మతం గానీ మేజర్ ఎంచుకున్నదాన్ని తల్లిదండ్రులు, కోర్టులు కాదనడానికి లేదని. మనిషిని తమ ముందు హాజరుపరిచేలా చూడమని హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేయొచ్చు. కానీ జడ్జి గారు అడిగినప్పుడు "నా ఇష్టంతోనే ఉన్నాను" అన్నాడంటే అక్కడితో అయిపోతుంది. ఆ మాట ఒకసారి కోర్టులో చెప్పినవాడికి దాన్నుంచి వెనక్కి రావడం ఇంకా కష్టం. కట్టేశారని, కొట్టారని, కాగితాలు లాక్కుని బయటకు వెళ్లనివ్వడం లేదని అతని నోట వింటే మాత్రం ఆగకండి, 112కి చేయండి. నాలుగు కుటుంబాల్లో ఏ పిల్లకైనా పిల్లాడికైనా 18 నిండకపోతే ఈ జవాబంతా వాళ్లకు వర్తించదు, ఈరోజే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి. వకీలు ఖర్చుకు భయపడకండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, ఫోన్ నంబర్ 15100. విజయనగరం జిల్లా కోర్టు దగ్గర న్యాయ సేవాధికార సంస్థకు నేరుగా వెళ్లినా సరే.

రూ. 40,000 గురించి. ప్రకటనలకు అందులో నాలుగో వంతు మించనీయకండి. మిగతాది బ్యాంకులో ఉంచండి, నాలుగు ఇళ్లకూ ఉమ్మడిగా. బయటికొచ్చేవాడు కట్టుబట్టలతో వస్తాడు. ఆధార్ లోపలే ఉంటుంది, సర్టిఫికెట్లు లోపలే ఉంటాయి. రెండేళ్ల నుంచి జీతం లేదు. వెంటనే మీ పల్లెకు రావడానికి మొహం చెల్లకపోవచ్చు. విశాఖలోనో శ్రీకాకుళంలోనో రెండు నెలలు గది అద్దె, ఒక ఫోన్, రెండు జతల బట్టలు, డూప్లికేట్ కాగితాల ఖర్చు. ఇవన్నీ ఎవరు పెడతారన్న లెక్క లేకే చాలామంది రాత్రి అనుకున్నది తెల్లారేసరికి మానుకుంటారు. వచ్చాక నిద్రపట్టకపోయినా, ఉలిక్కిపడుతున్నా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. మీ అమ్మగారికి, మీకు ఆ నంబర్ ఇప్పుడే పనికొస్తుంది.

ఇక మీ చిన్నాన్న. పదిమందిమి వెళ్లి లాక్కొద్దాం అనే మాట ప్రేమతో వచ్చిందే. 1970ల్లో అమెరికాలో తల్లిదండ్రులు డబ్బులిచ్చి మనుషుల్ని పెట్టి, పిల్లల్ని ఎత్తుకొచ్చి గదిలో పెట్టి మనసు మార్పించాలని చూశారు. ఆ పని చేసినవాళ్లలో కొందరు జైలుకెళ్లారు. అలా నిర్బంధించినందుకు ఒక యువకుడు దావా వేస్తే 1995లో లక్షల డాలర్ల పరిహారం కట్టమన్నారు. ఇక్కడైనా అక్రమ నిర్బంధం కేసు ఆ గురువు మీద పడదు, మీ చిన్నాన్న మీద పడుతుంది. ఈ మాట ఆయనకు మీరు చెబితే వినకపోవచ్చు. అందుకని ఆయనకు పని అప్పగించండి. ఫ్లెక్సీకి మున్సిపాలిటీ అనుమతి తేవడం, పేపర్ ఏజెంట్‌తో రేటు మాట్లాడటం, ప్రూఫ్‌లో పేర్లు సరిచూడటం ఆయన బాధ్యత అనండి. ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగేసరికి ఆయన కోపంలో కొంత ఆ కౌంటర్ దగ్గరే ఖర్చయిపోతుంది.